విద్యుద్వాహనముల చోదనవిద్య

విద్యుద్వాహనమును గూర్చి మన దేశమున నేడు జరుగుచున్న చర్చ యంతయు బ్యాటరీ చుట్టును పరిభ్రమించుచున్నది. ఒక్కసారి ఛార్జి చేసిన ఎన్ని కిలోమీటర్లు పోవును, ఛార్జి యెక్కుటకు ఎంతసేపు పట్టును, ఎన్నేండ్లకు బ్యాటరీ మార్చవలసివచ్చును, అందుకు ఎంత ఖర్చగును అను ప్రశ్నలు కొనువారికిని అమ్మువారికిని ప్రధానములై, ఆ బ్యాటరీలో నిలువయున్న శక్తిని చక్రమునకు చేర్చు యంత్రాంగమును గూర్చి ఆలోచించువారు అరుదైనారు. బ్యాటరీ ప్రాముఖ్యమును తగ్గించుట నా అభిప్రాయము కాదు. వాహనపు వెలలో అన్నిటికంటె పెద్ద భాగము దానిదే. కాని మోటారు, దానిని నడపు ఇన్వర్టరు, ఆ ఇన్వర్టరునకు క్షణక్షణము ఆజ్ఞలిచ్చు నియంత్రణ విధానము అను మూడింటి సమ్మేళనమైన చోదన వ్యవస్థయే వాహనపు నడకను, దాని ఆయుర్దాయమును, ఉన్న విద్యుత్తులో ఎంత భాగము ప్రయాణముగా మారి ఎంత భాగము వేడిగా వృథాయగునను లెక్కను నిర్ణయించుచున్నది. బ్యాటరీ రసాయనము ఎట్లు మారినను, వాహనము పెట్రోలుతో కలిసి నడచు హైబ్రిడ్ అయినను, కేవల విద్యుత్తుతో నడచునదైనను, హైడ్రోజను సెల్లుతో నడచునదైనను ఈ వ్యవస్థ లేక చక్రము తిరుగదు. కావున దాని చరిత్రను, వర్తమానస్థితిని, మన దేశమున అది పట్టవలసిన త్రోవను ఇచట సమీక్షింప బూనితిని.

చక్రము తన్ను త్రిప్పు యంత్రమునుండి రెండు వేర్వేరు గుణములను కోరును. నిలిచియున్న బండి కదలునపుడును, ఎత్తు ఎక్కునపుడును దానికి త్రిప్పుబలము, అనగా టార్కు, మిక్కుటముగా కావలెను. వేగము హెచ్చిన పిమ్మట ఆ బలము తగ్గినను చెల్లును గాని శక్తి తగ్గరాదు. పెట్రోలు ఇంజను నిలిచియున్నపుడు ఏ బలమును ఈయజాలదు. నిమిషమునకు కొన్ని వందల మారులైనను తిరుగుచుండిననే అది ప్రాణముతో నుండును. అందుచేతనే దానికిని చక్రమునకును నడుమ క్లచ్చు, గేరుపెట్టె అను మధ్యవర్తులు అవసరమైనవి. విద్యుత్ మోటారన్ననో, ఇంకను తిరుగక ముందే పూర్ణబలము నిచ్చి, ఒక నియతవేగము వరకు ఆ బలమును నిలుపుకొని, ఆపైన తన లోపలి అయస్కాంత క్షేత్రమును క్రమముగా బలహీనపరచుకొనుచు శక్తి తగ్గకుండ వేగము పెంచుకొనగలదు. చక్రము కోరు గుణమును పుట్టుకతోనే కలిగిన యంత్రము ఇది యనుట అతిశయోక్తి కాదు.

ఈ గుణమును ముందుగా ఎరిగి వినియోగించుకొన్నవారు పంతొమ్మిదవ శతాబ్దపు యూరోపు శిల్పులు. 1859లో గాస్టన్ ప్లాంటే సీసపు బ్యాటరీని నిర్మించెను; 1881లో గుస్తావ్ ట్రూవే పారిస్ వీధిలో మూడుచక్రముల విద్యుత్ బండిని నడపెను; 1899 ఏప్రిల్ 29న కామిల్ జెనాజీ అను బెల్జియము దేశస్థుడు టార్పీడో ఆకారము గల తన విద్యుద్వాహనముపై పారిస్ సమీపమున గంటకు 105 కిలోమీటర్లకు మించిన వేగమును సాధించి, రోడ్డుపై నూరు కిలోమీటర్ల హద్దును దాటిన తొలి చోదకుడయ్యెను. ఫెర్డినాండ్ పోర్షె అను యువ ఇంజనీరు 1900 నాటి పారిస్ ప్రదర్శనమున చూపిన లోనర్ బండికి ముందుచక్రముల నాభులలోనే మోటారులు ఇమిడియుండెను. ఆ కాలముననే అతడు పెట్రోలు ఇంజనుతో జనరేటరును త్రిప్పి, ఆ విద్యుత్తుతో చక్రములను నడపు బండిని కూడ కట్టెను. హబ్ మోటారనియు సిరీస్ హైబ్రిడ్ అనియు నేడు నూతనములుగ చెప్పబడుచున్న రెండు పద్ధతులకును వయస్సు నూటపాతికేండ్లని దీనివలన తెలియుచున్నది. ఆ కాలపు బండ్లలో అధికభాగము డి.సి. సిరీస్ మోటారుతో నడచినవి. అందు క్షేత్రపు చుట్టలును ఆర్మేచరు చుట్టలును ఒకే వరుసలో నుండుటచే, కరెంటు రెట్టింపైన బలము ఇంచుమించు నాలుగింతలగును. బండి కదలుటకు కావలసినది సరిగ నిట్టి బలమే. 1895లో మద్రాసున ప్రారంభమై 1953 వరకు నడచిన ట్రాముల వంటి బండ్లు ఈ జాతి మోటారుల బలమున నడచినవే.

ఆ తొలి వైభవము ఏల అంతరించెనను ప్రశ్నకు సాధారణముగా చెప్పబడు కారణములు సత్యములే. బ్యాటరీ బరువైనది, 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారు చౌకయైనది, చేతితో ఇంజనును త్రిప్పి ప్రారంభించు కష్టమును, అపాయమును చార్లెస్ కెటరింగ్ నిర్మించిన విద్యుత్ స్టార్టరు 1912 కెడిలాక్ కారుతో తొలగించెను. పెట్రోలు బండిని సుకరము చేసి విద్యుత్ బండిని ఓడించినది మరియొక విద్యుత్ మోటారే యగుట చరిత్రలో ఒక విచిత్రఘట్టము. అయితే నా దృష్టిలో వీనికి తోడు మరొక కారణము కలదు. డి.సి. మోటారునకు కమ్యుటేటరు, దానిపై రాచుకొనుచుండు కార్బను బ్రష్షులు అనివార్యములు. బ్రష్షులు అరిగిపోవును, నిప్పురవ్వలు పుట్టును, బొగ్గుపొడి లోన పేరుకొనును, వేగమునకు హద్దు ఏర్పడును. అవి లేని మోటారును 1888 నాటికే నికోలా టెస్లాయు, ఇటలీలో గెలీలియో ఫెరారిస్ స్వతంత్రముగాను లోకమునకు చూపిరి. మరుసటి యేడు డొలివో-డొబ్రొవోల్‌స్కీ దానికి పంజరము వంటి రోటరును అమర్చి దృఢమైన రూపమిచ్చెను. మన చేలలో నీరు తోడు త్రీ ఫేజు మోటారు నేటికిని ఆ రూపమునే ధరించియున్నది. కాని ఆ మోటారు తనకు వచ్చు ఏ.సి. విద్యుత్తు యొక్క ఫ్రీక్వెన్సీని అనుసరించి తిరుగును గనుక, వేగము మార్చవలెనన్న ఫ్రీక్వెన్సీని మార్చవలెను; బ్యాటరీ ఇచ్చునది డి.సి. మాత్రమే. ఈ రెండింటి నడుమ వంతెన కట్టగల సాధనము లేక, ఉత్తమమైన మోటారు చేతిలోనుండియు ఎనుబది తొంబది యేండ్లు వాహనమునకు అందనిదయ్యెను.

ఆ వంతెన అర్ధవాహకపు స్విచ్చు. 1950ల చివర వచ్చిన థైరిస్టరు పెద్ద కరెంటులను తట్టుకొన్నను, డి.సి.పై దానిని ఆర్పుట క్లిష్టమైన పనియయ్యెను. మద్రాసులో జన్మించి, ఐ.ఐ.టి. మద్రాసులో చదివి, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో పనిచేసిన బి. జయంత్ బలిగా 1980 ప్రాంతమున రూపొందించిన ఐ.జి.బి.టి. అను స్విచ్చు, స్వల్పమైన వోల్టేజి సంకేతముతో వందల ఆంపియర్లను వెలిగించుటకును ఆర్పుటకును వశమై, ఇన్వర్టరును కారులో ఇముడునట్టి పరిమాణమునకు తెచ్చుటకు మార్గమేర్పరచెను. ఆ కృషికి 2024లో ఆయనకు ఫిన్లాండు వారి మిలీనియమ్ టెక్నాలజీ బహుమానము లభించినది. విద్యుద్వాహన చరిత్రను వ్రాయువారు బ్యాటరీ శాస్త్రజ్ఞుల పేళ్లను స్మరించినంతగా ఈయన పేరును స్మరింపకపోవుట నాకు న్యాయముగ తోపదు.

ఇన్వర్టరు చేయు పనిని ఇంచుక దగ్గరగా చూతము. బ్యాటరీ యొక్క ధన ఋణ తీగల నడుమ రెండేసి స్విచ్చుల చొప్పున మూడు జతలు నిలిపి, ప్రతి జత మధ్యనుండి ఒక తీగను మోటారునకు పంపుదురు. జతలోని పై స్విచ్చు వెలిగిన ఆ తీగ ధనధ్రువమునకును, క్రింది స్విచ్చు వెలిగిన ఋణధ్రువమునకును తగులును. రెండును ఒక్కసారి వెలిగిన బ్యాటరీ షార్టగును గనుక, ఒకటి ఆరిన పిమ్మట లిప్తపాటు ఆగి గాని రెండవది వెలుగరాదు. ఈ స్విచ్చులు సెకనుకు ఎనిమిది పదివేల మారులు వెలుగుచు ఆరుచు, వెలిగియుండు కాలమును క్రమముగ పెంచి తగ్గించుటచే, మోటారు చుట్టలలో మృదువైన మూడు తరంగములు ఏర్పడును. యాక్సిలరేటరుపై పాదము మోపినపుడు మారునది ఈ తరంగముల ఎత్తును వడియును మాత్రమే.

ఆ ఎత్తును వడిని ఎంత మార్చవలెనను సమస్య స్విచ్చు కంటె సూక్ష్మమైనది. క్షేత్రపు చుట్టలు వరుసలో గాక వేరుగ నున్న డి.సి. మోటారున క్షేత్రమును పుట్టించు కరెంటు వేరు, బలమును పుట్టించు కరెంటు వేరు. ఒకదానిని కదల్పక రెండవదానిని మార్చుట సులభము. ఇండక్షన్ మోటారున రెండును ఒకే మూడు తీగలలో కలిసి ప్రవహించును. 1929లో రాబర్ట్ పార్క్ సింక్రనస్ యంత్రముల కొరకు చూపిన గణితమార్గము ననుసరించి, 1970ల ఆరంభమున జర్మనీలో సీమెన్స్ సంస్థకు చెందిన ఫెలిక్స్ బ్లాష్కె ఒక ఉపాయము నిరూపించెను. యంత్రమునకు వెలుపల నిలిచి చూచినపుడు ఎడతెగక ఊగిసలాడుచు కనబడు ఆ కరెంటులను, లోపల తిరుగుచున్న అయస్కాంత క్షేత్రముపై కూర్చుండి చూచినట్లు లెక్కించినచో, అవి రెండు స్థిరమైన అంశములుగ విడివడును. ఒకటి క్షేత్రమునకును రెండవది బలమునకును చెందినది. ఈ లెక్కను సెకనుకు వేలమారులు వేయగల మైక్రోప్రాసెసరు చౌకగా లభించిన నాటినుండి బ్రష్షులు లేని మోటారు డి.సి. మోటారు వలె చెప్పినమాట వినసాగినది. 1996లో జనరల్ మోటార్సు విడుదల చేసిన ఇ.వి.1 అను కారు 102 కిలోవాట్ల ఇండక్షన్ మోటారుతో ఈ పురోగతిని ప్రత్యక్షముగ చూపెను. ఆ కారు మార్కెట్టున నిలువలేదు గాని అది చూపిన మార్గము నిలిచినది.

ఈలోగా మరొక దిశనుండి మరొక ద్రవ్యము వచ్చినది. 1980ల ఆరంభమున జపానులో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్సునందు జాన్ క్రోట్, ఒకరితో నొకరు సంబంధము లేకయే, నియోడిమియము, ఇనుము, బోరాను కలిసిన అయస్కాంతమును కనుగొనిరి. సామాన్య ఫెరైటు అయస్కాంతపు క్షేత్రబలము 0.4 టెస్లా ప్రాంతముననుండగా దీనిది 1.2 మొదలు 1.4 వరకుండును. రోటరులో ఈ పలకలను పొదిగినచో క్షేత్రమును పుట్టించుటకు వేరుగ కరెంటు అక్కరలేదు. ఆ మేరకు నష్టము తప్పును, మోటారు చిన్నదగును. పలకలను రోటరు ఉపరితలమున అతికింపక ఉక్కు పొరల లోపల వి అక్షరము వలె పాతిపెట్టినచో, అయస్కాంతపు ఆకర్షణకు తోడు ఉక్కు తనంత తాను అనుకూలస్థితికి తిరుగగోరుటవలన కలుగు రిలక్టెన్స్ అను బలము కూడ లభించును. నేటి కారులలో అధికసంఖ్యాకములు ఈ అంతర్నిహిత అయస్కాంత మోటారునే వాడుచున్నవి.

ఈ మోటారును లోకమునకు పరిచయము చేసిన కీర్తి 1997 డిసెంబరులో జపానున విడుదలయైన టయోటా ప్రియస్‌ది. హైబ్రిడ్ వాహనములలో ఇంజను కేవలము జనరేటరును త్రిప్పునట్టివి సిరీస్ జాతి. 2016 నాటి నిస్సాన్ ఇ-పవర్ కారు ఇట్టిది, మన డీజిలు రైలింజనుల సూత్రమును ఇదియే. ఇంజనుతోపాటు అదే ఇరుసునకు మోటారు చేయూత నిచ్చునవి ప్యారలల్ జాతి; 1999 నాటి హోండా ఇన్‌సైట్ ఇట్టిది. ప్రియస్ ఈ రెండింటిని ఒక గ్రహచక్రపు గేరుతో కలిపెను. నడిమి పండ్లచక్రమునకు జనరేటరు, దాని చుట్టును తిరుగు చిన్నచక్రముల చట్రమునకు ఇంజను, వెలుపలి వలయమునకు మోటారును బండి చక్రములును తగిలింపబడినవి. వలయమునకు 78 పండ్లు, నడిమి చక్రమునకు 30 పండ్లు ఉండుటచే ఇంజను బలములో ఎల్లవేళల నూటికి 72 పాళ్లు తిన్నగ చక్రములకును 28 పాళ్లు జనరేటరునకును పోవును. జనరేటరు వేగమును మార్చుట మాత్రముననే, బండి ఏ వేగమున పోవుచున్నను ఇంజనును దానికి మిక్కిలి అనుకూలమైన వేగమున నిలుపవచ్చును. గేర్లు మార్చు పనియే లేదు. ఇంజను అట్కిన్సన్ పద్ధతిది. పొదుపైనది గాని అడుగువేగమున బలహీనము. ఆ బలహీనతను మోటారు పూరించును. రెండు యంత్రములు పరస్పరము లోపములను కప్పుకొనునట్లు ఇంత చక్కగ కూర్చిన నిర్మాణమును నేను వేరొకదానిని ఎరుగను. అయితే రాజమార్గమున వేగముగ పోవునపుడు శక్తిలో కొంతభాగము విద్యుత్తుగ మారి మరల చలనముగ మారుటలో నష్టమున్నది. మన దేశమున 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ హైబ్రిడ్‌లు పట్టణపు రద్దీలో చూపినంత పొదుపు హైవేపై చూపకపోవుటకు ఇదియు ఒక కారణము.

ప్రియస్ పరిణామమున చోదనవిద్య కంతటికిని మూలమైన ఒక సూత్రము కనబడుచున్నది. 2004 నమూనా మోటారు 400 న్యూటన్ మీటర్ల బలమునిచ్చుచు నిమిషమునకు గరిష్ఠముగ 6,000 మారులు తిరుగునట్టిది; 2010 నమూనా మోటారు బలము 207 మాత్రమే, వేగమో 13,500; శక్తి మాత్రము 50 నుండి 60 కిలోవాట్లకు పెరిగినది. మోటారు పరిమాణమును, అందలి రాగిని, ఉక్కును, అయస్కాంతమును నిర్ణయించునది శక్తి కాదు, టార్కు. కావున వేగమును రెట్టించి గేరుతో తగ్గించుకొన్నచో అదే శక్తిని సగము ద్రవ్యముతో పొందవచ్చును. ఈ సూత్రమును మరువక ముందుకు సాగుదము. మన స్కూటర్ల విషయమున దీని అవసరము కలుగును.

నియోడిమియము మోటారుకు లోపములు లేకపోలేదు. అయస్కాంతము నిత్యము మేల్కొనియే యుండును గనుక, అధికవేగమున దాని క్షేత్రమును అణచుటకే కరెంటు ఖర్చు చేయవలెను. బలము అక్కరలేనపుడు కూడ ఉక్కులో నష్టము తప్పదు. రెండు మోటారులు గల కొన్ని టెస్లా కారులలో ఒక ఇరుసునకు ఇండక్షన్ మోటారు నుంచుటకు హేతువిదియే. అక్కరలేనపుడు దానిని పూర్తిగ నిద్రింపజేయవచ్చును. వేడికి ఈ అయస్కాంతము తన గుణమును కోల్పోవును. దానిని కాపాడుటకు డిస్ప్రోసియము వంటి మరింత అరుదైన ధాతువులను చేర్చవలెను. ఈ ధాతువుల శుద్ధి, అయస్కాంతముల తయారీ అత్యధికముగ చైనా చేతిలో నున్నవి. 2010లో ఆ దేశము ఎగుమతుల కోటాను తగ్గించగా మరుసటి యేడు ధరలు ఆకసము నంటెను. 2025 ఏప్రిల్‌లో డిస్ప్రోసియము, టెర్బియము మొదలగు ఏడు ధాతువులపైనను వాని అయస్కాంతములపైనను లైసెన్సు నిబంధన విధింపగా మన వాహన పరిశ్రమ కూడ కొరతతో తల్లడిల్లినది. ఒక కారు మోటారునకు కావలసిన అయస్కాంతము ఒకటి రెండు కిలోలు మాత్రమే. ఆ ఒకటి రెండు కిలోలు లేక కారు ఫ్యాక్టరీ గుమ్మము దాటదు.

అయస్కాంతము లేని మార్గములు లేవా యన్నచో, ఉన్నవి. 2012 నాటి టెస్లా మోడల్ ఎస్ ఇండక్షన్ మోటారుతోనే లోకమును ఆకర్షించెను. అందు రోటరులోని పంజరపు కడ్డీలలో కరెంటు పారుటచే పుట్టు వేడిని, తిరుగుచున్న వస్తువు నడుమనుండి వెలికి తీయుట కష్టము. రెనో జోయీ కారును, 2020 తరువాతి బి.ఎం.డబ్ల్యు. విద్యుత్ కారులును రోటరుపై రాగిచుట్టలు చుట్టి, బ్రష్షుల ద్వారా దానికి కరెంటు నిచ్చు సింక్రనస్ మోటారును వాడినవి; క్షేత్రమును ఇచ్చవచ్చినట్లు పెంచుటకును తగ్గించుటకును వీలుండుట దీని గొప్పతనము. రాగియు అయస్కాంతమును లేక ఉక్కు పండ్లు మాత్రమే గల రోటరుతో తిరుగు స్విచ్డ్ రిలక్టెన్స్ మోటారు అన్నిటికంటె చౌక, అన్నిటికంటె మొండి. దాని పూర్వరూపమును స్కాట్లండునందు రాబర్ట్ డేవిడ్సన్ 1842లోనే రైలు పట్టాలపై నడపెను. ధ్వని, కంపనము దానిని నేటికిని ప్రయాణికుల కారునకు దూరముగ నుంచుచున్నవి.

ఇన్వర్టరులో ఇటీవల జరిగిన మార్పు సిలికాన్ కార్బైడు రాక. 2017లో టెస్లా మోడల్ 3 దానిని పెద్దయెత్తున ప్రవేశపెట్టెను. ఈ స్విచ్చులలో నష్టము తక్కువ. ముఖ్యముగ తక్కువ భారముతో నడచునపుడు, అనగా నిత్యజీవితమున బండి నడచు విధమున, ఆ మేలు స్పష్టముగ కనబడును. 2019లో పోర్షె టైకాన్‌తో 800 వోల్టుల పద్ధతియు వచ్చినది. వోల్టేజి రెట్టించిన కరెంటు సగమగును, తీగ సన్నబడును, ఛార్జి త్వరపడును. కాని ఇంతవేగముగ వెలిగి ఆరు స్విచ్చులు మోటారు చుట్టల ఇన్సులేషనుపై తాకిడిని పెంచును. ఇరుసు బేరింగుల గుండ దొంగకరెంటు ప్రవహించి వానిని గుంటలు పరచును. ఈ విషయములు ప్రకటన పత్రములలో కానరావు.

చోదన వ్యవస్థ యొక్క మరియొక వరము బ్రేకు వేసినపుడు శక్తిని మరల బ్యాటరీకి చేర్చుట. దీనికి తిరుమల కనుమకంటె మంచి నిదర్శనము మనకు దొరకదు. 2022లో ఏ.పి.ఎస్.ఆర్.టి.సి. ఆ దారిలో విద్యుద్బస్సులు ప్రవేశపెట్టినది. కొండకును తిరుపతికిని ఎత్తులో భేదము సుమారు 700 మీటర్లు. ప్రయాణికులతో కూడి 12 టన్నులున్న బస్సు ఆ ఎత్తునుండి దిగునపుడు విడుదలయగు శక్తి లెక్కకు 23 యూనిట్లగును. టైర్ల రాపిడికిని గాలికిని కొంత పోగా, మోటారు, ఇన్వర్టరు, బ్యాటరీలలో మరికొంత పోగా, సుమారు పది పన్నెండు యూనిట్లు బ్యాటరీకి తిరిగి చేరునని అంచనా వేయవచ్చును. డీజిలు బస్సున ఆ శక్తి యంతయు బ్రేకులను, ఇంజనును కాల్చి గాలిలో కలియును. అయితే ఒక నియమము మరువరాదు: కొండపైననే బ్యాటరీని నిండుగ ఛార్జి చేసినచో, దిగునపుడు వచ్చు శక్తికి చోటు లేక, భారమంతయు మామూలు బ్రేకులపై పడును. ఛార్జింగు స్థలము క్రింద నుండవలెనని చెప్పునది పరిపాలన సౌకర్యము కాదు, యంత్రధర్మము.

ఇక మన దేశపు అసలు ప్రశ్నకు వత్తము. యూరోపు, అమెరికా దేశముల చోదనవిద్య రెండు టన్నుల కారును, గంటకు 150 కిలోమీటర్ల వేగమును మనసున నిడుకొని పెరిగినది. మనకు విద్యుద్వాహనమన్న అధికసంఖ్యలో స్కూటరు, ఇ-రిక్షా, ఆటో. స్కూటరు మోటారులలో రెండు పద్ధతులు ఉన్నవి. మెకానిక్కు ఒక హబ్ మోటారును విప్పినపుడు లోపల చూచినవారికి మొదటి పద్ధతి తెలియును: వెలుపలి చక్రపు కప్పు లోపలి అంచున అయస్కాంతపు పలకలు వరుసగ జిగురుతో అతికింపబడియుండును, నడుమ కదలక నిలుచు ఉక్కు పండ్లపై రాగితీగ దట్టముగ చుట్టబడియుండును, ఇరుసు రంధ్రముగుండ మూడు లావుతీగలు, వాని ప్రక్క అయస్కాంతముల స్థానమును తెలుపు హాల్ సెన్సారుల సన్నతీగలు వెలికి వచ్చును. వానకాలమున సీలు వదలి నీరు చేరినచో పలకల అంచులు తుప్పుపట్టి ఉబ్బియుండును. నిర్మాణము సరళము, గేరు లేదు, బెల్టు లేదు. కాని గంటకు 40 కిలోమీటర్ల వేగమున స్కూటరు చక్రము నిమిషమునకు నాలుగువందల పైచిలుకు మారులు మాత్రమే తిరుగును. గేరు లేని ఈ మోటారును అంతే. ప్రియస్ చెప్పిన సూత్రము ప్రకారము నెమ్మదిగ తిరుగు మోటారు తన శక్తిని టార్కు రూపమున ఈయవలెను, టార్కునకు రాగియు అయస్కాంతమును హెచ్చుగ కావలెను. ఏథర్ 450 వంటి బండ్లు అనుసరించిన రెండవ పద్ధతిలో చిన్న మోటారు వేగముగ తిరిగి బెల్టుద్వారా చక్రమును నడపును. అరుదైన ధాతువుల దృష్టితో చూచిన నాకు ఇదియే మేలుగ తోచుచున్నది.

ఎండ మరొక న్యాయమూర్తి. రెంటచింతలలోను, రామగుండములోను మేనెల మధ్యాహ్నము ఇద్దరినెక్కించుకొని రైల్వే వంతెన నెక్కు స్కూటరు మోటారునందు గాలి చొరని కప్పు క్రింద ఎంత వేడి పుట్టునో, కిలోమీటర్ల లెక్క తేల్చు మన ప్రమాణపరీక్షలు చెప్పజాలవు. ఆ పరీక్షలలోని వేగచక్రమున ఎత్తుపల్లములు లేవు. బండి ఒకచోటనే నిలిచి రోలర్లపై నడచును. ప్రకటనలో ముద్రించిన కిలోమీటర్ల సంఖ్య ప్రక్కన, ఎత్తుపై ఎండలో ఎంతసేపు పూర్ణబలమున నడవగలదో తెలుపు సంఖ్యయు నుండవలెనని నేను గట్టిగ కోరుచున్నాను. కొన్నవాడు కంట్రోలరు కాలిపోయిన పిమ్మట గాని ఆ సంగతి నెరుగడు.

అయస్కాంత ధాతువులు మన యొద్ద లేకపోలేదు. సముద్రతీరపు ఇసుకలోని మోనజైటున అవి యున్నవి. దేశములో మోనజైటు నిలువలు అన్నిటికంటె హెచ్చుగ ఆంధ్రతీరముననే గుర్తింపబడినవి. అందు థోరియము కలిసియుండుటచే అది అణుఖనిజమై ప్రభుత్వపు అధీనమున నున్నది. 1950లో స్థాపితమైన ఐ.ఆర్.ఇ.ఎల్. సంస్థ దానిని శుద్ధిచేయుచున్నది. 2023 మే 11న విశాఖపట్టణమున జాతి కంకితమైన ఆ సంస్థ కర్మాగారము సంవత్సరమునకు 3,000 కిలోల సమేరియము-కోబాల్టు అయస్కాంతములను తయారుచేయుటకు ఉద్దేశింపబడినది. అది ప్రధానముగ రక్షణ, అంతరిక్ష రంగముల కొరకు. హైదరాబాదులో ఏ.ఆర్.సి.ఐ., ఎన్.ఎఫ్.టి.డి.సి. సంస్థలు నియోడిమియము అయస్కాంతముల తయారీపై కృషిచేయుచున్నవి. 2025 నవంబరులో కేంద్రప్రభుత్వము సంవత్సరమునకు 6,000 టన్నుల అయస్కాంతములు దేశమున తయారగునట్లు 7,280 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. ఇవన్నియు హర్షింపదగినవి. కాని మన మోనజైటులో నియోడిమియము లభించును గాని, వేడినుండి దానిని కాపాడు డిస్ప్రోసియము వెలికితీయదగినంత లేదు. కావున ఉష్ణదేశమున నడచు మన బండికి, మన గని ఇచ్చు అయస్కాంతము ఒంటరిగ చాలదు.

ఈ కారణముచేతనే, ధనము నంతయు నియోడిమియమునకే వెచ్చింపక, ఫెరైటు అయస్కాంతముల సాయముతో నడచు రిలక్టెన్స్ మోటారుపై మన పరిశోధనశాలలును కర్మాగారములును శ్రద్ధ వహింపవలెనని నా నిశ్చితాభిప్రాయము. ఫెరైటు ఇనుప ఆక్సైడుతో తయారగునది, స్పీకర్లలో వాడబడునది, చౌక. క్షేత్రబలము మూడవవంతే యగుటచే మోటారు పెద్దదగును, బరువెక్కును. వేగమైన కారునకు అది భారము గాని, వెనుక ఇరుసు చెంత చోటు పుష్కలముగ గల ఆటోకును, సరకుల మూడుచక్రముల బండికిని కొలది కిలోల బరువు బాధ కాదు. వేగము పెంచి గేరుతో తగ్గించినచో ఆ బరువును కూడ కొంత తప్పించుకొనవచ్చును. మరి వేడి సంగతియో, ఎండకు ఫెరైటు క్షేత్రబలము కొంత తగ్గుట నిజమే. అయినను తన అయస్కాంతత్వమును శాశ్వతముగ కోల్పోవు అపాయము దానికి వేడియందు కాదు, శీతలమునందే హెచ్చు. వేడి పెరిగినకొలది, ఆ నష్టమును ప్రతిఘటించు శక్తి నియోడిమియమున క్షీణించుచుండగా ఫెరైటున వృద్ధి పొందును. హిమదేశపు ఇంజనీరు సందేహించి విడిచిన ఈ ద్రవ్యమును కోస్తా, తెలంగాణ వేసవులలో ఆటోలపై ఏండ్లతరబడి నడపి పరీక్షించుటకు మనకున్న అనుకూలత వారికి లేదు.